బొమ్మ రానప్పుడు ముందు బాక్సు మెనూ నొక్కి చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

పాకాల దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ ఒంటరిగా ఉంటోంది. గత కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టి వదిలాక ఆమె ఇంట్లో టీవీలో చానళ్లు రావడం ఆగిపోయింది. మిద్దె మీద ఉన్నది దూరదర్శన్ వారి ఉచిత డిష్ కాబట్టి చందా కట్టకపోవడం వల్ల ఆగిందనుకోవడానికి వీల్లేదు. తెర మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చి నిలిచాయి. ఆమెకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. పక్క ఊరి నుంచి పిలిపించిన మనిషి మిద్దె ఎక్కి, డిష్ ముందు కమ్మీ చివర ఉండి తరంగాలను అందుకునే ఎల్‌ఎన్‌బీ కాలిపోయిందని చెప్పి, కొత్తది బిగించి 650 రూపాయలు తీసుకున్నాడు. నాలుగు రోజులు బొమ్మ వచ్చి మళ్లీ పోయింది. ఈసారి వచ్చిన ఇంకొకాయన బాక్సే పోయిందని తేల్చి, 1500 రూపాయలకు కొత్త బాక్సు అమ్మాడు. అదీ వారం నడిచి ఆగింది. నెలకు 4000 రూపాయల పింఛను మీద బతికే మనిషికి 2150 రూపాయలు ఎంత పెద్ద మొత్తమో వేరే చెప్పనక్కరలేదు. సంక్రాంతికి నేను వెళ్లేసరికి టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. "పాత టీవీ కదమ్మణ్ణీ, దానికేమొచ్చిందో ఏమో, మళ్లీ డబ్బు పెట్టే ఓపిక నాకు లేదు" అంది.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. కనుమ నాటి ఉదయం బాక్సు స్విచ్ తీసేసి, మా తమ్ముడి కొడుకును తోడు తీసుకుని మిద్దె ఎక్కాను. ఎల్‌ఎన్‌బీకి తీగ తగిలించే చోట పిన్ను మీద తొడిగిన రబ్బరు టోపీ ఎండకు చిట్లి, రెండు పెచ్చులుగా విడిపోయి ఉంది. పిన్ను తిప్పి లాగగానే లోపలి నుంచి రెండు చుక్కల నీళ్లు నా వేలి మీద పడ్డాయి. నడుమ రాగితీగ పచ్చగా చిలుము పట్టి, గోటితో గీకితే పొడిగా రాలింది. తీగను జానెడు పొడవున, లోపల మెరుపు కనిపించేదాకా కోసేశాను. పైపొరలోని వెంట్రుకలాంటి జల్లెడ తీగల్లో ఒక్కటి కూడా నడుమ తీగకు తగలకుండా వెనక్కి మడిచి, కొత్త పిన్ను బిగించి, దాని మీద ఇన్సులేషన్ టేపు చుట్టి కిందికి దిగాం. సప్తగిరి చానల్ వచ్చింది. ఆ తరువాత, అటక మీద పడేసిన పాత ఎల్‌ఎన్‌బీని, పాత బాక్సును ఒకదాని తరువాత ఒకటి తగిలించి చూశాను. రెండూ నిక్షేపంగా పనిచేశాయి. వచ్చిన మనుషులిద్దరూ తీగ విప్పి మళ్లీ బిగించినప్పుడు ఆ చిలుము కొంచెం రాలి, నాలుగు రోజులో వారమో బొమ్మ వచ్చిందన్న మాట. చేసిన మరమ్మతు పనిచేసిందని వాళ్లు, ఇచ్చిన డబ్బుకు ఫలితం దక్కిందని మా పెద్దమ్మ నమ్మారు. వాళ్లు కావాలని మోసం చేశారని నేను అనను, వాళ్ల పేర్లు బయటపెట్టే ఉద్దేశమూ నాకు లేదు. ఇరవై రూపాయల పిన్నుతో పోయే పనికి ఒక వృద్ధురాలు రెండు వేలకు పైగా పోగొట్టుకుని, ఆపైన రెండు నెలలు టీవీ లేకుండా కూర్చుందన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటి ఇళ్లు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇంకా ఎన్నో ఉంటాయి కాబట్టి, లోపం ఎక్కడుందో ఇంట్లోవాళ్లే ఎలా కనిపెట్టవచ్చో మీ పత్రిక ద్వారా చెప్పదలచాను.

అన్నింటికన్నా ముందు తెలుసుకోవలసింది ఏమిటంటే, తెర మీద కనిపించే 'నో సిగ్నల్' అన్న మాట రెండు వేర్వేరు పరికరాల్లో ఏదైనా అనవచ్చు. బాక్సు నుంచి తనకేమీ అందడం లేదని టీవీ అనవచ్చు, డిష్ నుంచి తనకేమీ అందడం లేదని బాక్సూ అనవచ్చు. మాట ఒకటే అయినా లోపం ఉన్న చోటు వేరు. ఎవరంటున్నారో తేల్చుకోవడం చాలా తేలిక. టీవీ రిమోట్ పక్కన పెట్టి, బాక్సు రిమోట్ తీసుకుని, దాని మీద మెనూ మీట నొక్కాలి. బాక్సు మెనూ తెర మీదికి వస్తే టీవీ బాగుంది, టీవీకీ బాక్సుకీ నడుమ తీగా బాగుంది, వెతకవలసింది మిద్దె వైపు. మెనూ రాకపోతే మిద్దె ఎక్కే పనే లేదు. బాక్సులో దీపం వెలుగుతోందా, రిమోట్‌లో బ్యాటరీలు ఉన్నాయా, హెచ్‌డీఎంఐ తీగ వదులైందా, టీవీ బొమ్మను ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే సోర్స్ సరిగా ఉందా అన్నది చూసుకుంటే చాలు. తిరుపతిలో మా ఎదురింట్లో జరిగింది ఇదే. ఆ ఇంటి పెద్దావిడ రోజూ మధ్యాహ్నం 12 గంటలకు ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం చూడనిదే అన్నం ముట్టరు. ఒకరోజు తెర నీలంగా మారిపోతే కేబుల్ కార్యాలయానికి నాలుగుసార్లు ఫోన్ చేశారు. తీరా చూస్తే మనవడు ఆటల పెట్టె తగిలించుకోవడానికి సోర్స్‌ను హెచ్‌డీఎంఐ 1 నుంచి 2కు మార్చి, తిరిగి మార్చడం మరిచిపోయాడు.

ఈ సందర్భంలోనే ఇంకో మాట చెప్పాలి. చానళ్లు రాకపోతే చాలామంది టీవీ మెనూలోకి వెళ్లి ఆటో సెర్చ్ నొక్కి, సున్నా చానళ్లు అని చూపగానే టీవీ చెడిపోయిందని నిర్ధారణకు వస్తారు. టీవీ తనంతట తాను వెతికేది యాంటెన్నా ద్వారా వచ్చే పాతకాలపు ప్రసారాలను. దూరదర్శన్ ఆ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను సరిహద్దుల వంటి ముఖ్యమైన చోట్ల కొన్నింటిని మాత్రం ఉంచుకుని, మిగిలినవాటిని 2022 మార్చి నాటికి మూసివేసింది. కాబట్టి మన ఊళ్లలో ఆ వెతుకులాటకు చిక్కేదేమీ లేదు. వెతకవలసింది బాక్సు మెనూలో. అక్కడ కూడా ఫ్యాక్టరీ రీసెట్ జోలికి వెళ్లకూడదు, ఉన్న చానళ్ల పట్టిక అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

బాక్సు మెనూ వచ్చి బొమ్మ రానప్పుడు, అందులోనే ఇన్‌స్టాలేషన్ అన్న చోట రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి స్ట్రెంత్, ఇంకొకటి క్వాలిటీ. ఈ రెండు గీతలను చదవడం వస్తే సగం మరమ్మతు అయిపోయినట్టే. బాక్సు నుంచి మిద్దె మీదికి వెళ్లే తీగ బొమ్మను కిందికి తేవడమే కాదు, 13 లేదా 18 వోల్టుల కరెంటును పైకి తీసుకెళ్లి ఎల్‌ఎన్‌బీని నడుపుతుంది. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతున్నంతవరకు, డిష్ ఏ దిక్కుకు తిరిగి ఉన్నా స్ట్రెంత్ గీత ఎంతో కొంత చూపుతూనే ఉంటుంది. క్వాలిటీ మాత్రం సరైన ఉపగ్రహం దొరికితేనే లేస్తుంది. అందువల్ల రెండూ సున్నా అయితే తీగ తెగిందో, పిన్నులో నీళ్లు చేరాయో, ఎల్‌ఎన్‌బీ పోయిందో అని అర్థం. స్ట్రెంత్ ఉండి క్వాలిటీ లేకపోతే డిష్ కదిలిందని, లేదా ఏదో అడ్డం వచ్చిందని అర్థం. మా పెద్దమ్మ ఇంట్లో రెండూ సున్నానే. అలాంటప్పుడు ఎల్‌ఎన్‌బీ మీద చేయి వేసే ముందు పిన్ను విప్పి చూడవలసింది, ఎందుకంటే వర్షం తరువాత ముందుగా పాడయ్యేది అదే. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. బాక్సు స్విచ్ తీయకుండా పిన్ను విప్పకూడదు. నడుమ తీగ పైపొరకు తగిలితే ఆ కరెంటు అక్కడే కలిసిపోయి బాక్సు దెబ్బతినవచ్చు. తడిసిన మిద్దె మీదికి, ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు, కరెంటు తీగలు చేతికందే ఎత్తులో ఉన్న చోట ఎవరూ ఎక్కకూడదన్నది చెప్పనక్కరలేదు, అయినా చెబుతున్నాను.

వాన పడుతున్నంతసేపు బొమ్మ ఆగిపోవడం మాత్రం లోపం కాదు. డిష్‌కు వచ్చే తరంగాల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లే ఉంటుంది. అంత పొట్టి తరంగాలను పెద్ద వానచినుకులు మింగేస్తాయి, చెల్లాచెదురు చేస్తాయి. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పటి వానను తట్టుకోగల డిష్ ఏదీ లేదు. వాన వెలిశాక అరగంట ఆగి చూడాలి. వాన వెలిసినా బొమ్మ తిరిగి రాకపోతేనే తీగనూ పిన్నునూ అనుమానించాలి.

ఇక డిష్ కదలడం గురించి. ఇంటి మీద ఉండే రెండడుగుల డిష్ అంచు ఒక్క సెంటీమీటరు జరిగితే చాలు, చూపు దాదాపు రెండు డిగ్రీలు తప్పి బొమ్మ పోవచ్చు. తిరుపతిలో కొండ అడుగున ఉన్న వీధుల్లో కోతులు డిష్ కమ్మీ పట్టుకుని ఊగడం మేమంతా రోజూ చూస్తున్నదే. బోల్టులు బిగించాక డిష్ వెనక గొట్టం మీద, పట్టీ మీద కలిసేలా పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, తరువాత ఎప్పుడు కదిలినా గీతలు కలపగానే పాత చోటికి వస్తుంది. మా ఇంట్లో అలా గీసి పెట్టుకున్నాం.

కొండ అడ్డం కాబట్టి చానళ్లు రావడం లేదనే మాట మన ప్రాంతంలో తరచు వింటాం. చంద్రగిరి దగ్గర ఒక ఇంటివారికి ఒక దుకాణం మనిషి ఇదే చెప్పి, పది అడుగుల ఇనుప స్తంభం వేయించాడు. మద్రాసు ప్రసారాల కోసం ఇంటి మీద పొడవాటి వెదురు నిలబెట్టి, ఒకరు మిద్దె మీద యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి ఇంకొకరు "వచ్చింది, వచ్చింది, ఆగు" అని కేకలు వేసిన రోజుల్లో ఆ మాట నిజమే, ఆ తరంగాలు నేల మీదుగా వచ్చేవి. ఇప్పుడు ఉచిత డిష్ ప్రసారాలు వచ్చేది జీశాట్-15 నుంచి. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ప్రయోగించిన ఆ ఉపగ్రహం, భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర మనకు కదలనట్టు నిలిచి ఉంటుంది. తిరుపతి 79.4 డిగ్రీల తూర్పు రేఖాంశం, 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. లెక్క కట్టి చూస్తే ఆ ఉపగ్రహం మనకు ఆగ్నేయ దిక్కున, దిగంతం నుంచి దాదాపు 67 డిగ్రీల ఎత్తున, అంటే నడినెత్తికి కొంచెం ఇవతల ఉంటుంది. శేషాచలం కొండలు తిరుపతికి ఉత్తరాన ఉన్నాయి. ఇతర దిక్కున కొండలున్నా 67 డిగ్రీల ఎత్తున అడ్డం రావాలంటే ఇల్లు ఆ కొండ గోడకు ఆనుకుని ఉండాలి. కాబట్టి కొండ పేరు చెప్పి స్తంభాలు వేయించడం శుద్ధ దండుగ. అడ్డం వచ్చేది ఆగ్నేయ మూల నాలుగేళ్లలో ఎదిగిన కొబ్బరిచెట్టో, పక్కవారు కొత్తగా లేపిన అంతస్తో అయి ఉంటుంది. డిష్ ముఖం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదే అన్న అనుమానం రావచ్చు. మన ఇళ్ల డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ మధ్యకు ఎదురుగా కాక కింది వైపున ఉంటుంది. అందువల్ల డిష్ చూస్తున్నట్టు కనిపించే దిక్కు కన్నా ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల పైనుంచి వచ్చే తరంగాలను అది పట్టుకుంటుంది.

ఉన్న చానళ్లలో కొన్ని మాత్రమే పోయి మిగిలినవి బాగా వస్తుంటే అది డిష్ లోపం కాకపోవచ్చు. ఉచిత డిష్‌లో ప్రైవేటు చానళ్ల స్థానాలను దూరదర్శన్ వేలం వేస్తుంది. ఏప్రిల్ 1 వచ్చిందంటే కొన్ని వెళ్లిపోయి కొన్ని కొత్తవి వస్తాయి. కొత్తవి కనిపించాలంటే బాక్సు మెనూలో మరొకసారి స్కాన్ చేయాలి. ఎల్‌ఎన్‌బీ వరుసలో 9750/10600 అని ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి, పిల్లలు అది మార్చి ఉంటే స్కాన్‌లో ఏమీ దొరకదు. కొన్ని చానళ్లు బొమ్మను కుదించి పంపే ఎంపెగ్-4 అనే కొత్త పద్ధతిలో మాత్రమే ప్రసారమవుతాయి, పాత ఎంపెగ్-2 బాక్సులో ఎన్నిసార్లు వెతికినా అవి రావు. బాక్సు మార్చడానికి సరైన కారణం అదొక్కటి ఉంది, అది కూడా ఆ చానళ్లు మనకు కావాలనుకుంటేనే.

కేబుల్ ఉన్న ఇళ్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. దూరదర్శన్ చానళ్లను చూపడం కేబుల్ వారికి చట్టం పెట్టిన విధి. కాబట్టి దూరదర్శన్ స్పష్టంగా వస్తూ మీకు కావలసిన చానల్ మాత్రం రాకపోతే తీగ బాగున్నట్టే, చూసుకోవలసింది చందాను, ప్యాకేజీని. 2019 ఫిబ్రవరి నుంచి పే చానళ్లకు విడివిడిగా ధరలున్నాయి, ప్యాకేజీ మారినప్పుడు ఒకటి రెండు చానళ్లు చెప్పకుండానే జారిపోతుంటాయి. ఫోన్‌లో ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుకు వారు ఇచ్చే నంబరు, అడిగి కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ నంబరు ఇవ్వడం వారి బాధ్యత, అది లేని ఫిర్యాదు చేయనట్టే లెక్క. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు చెప్పుకోవచ్చు.

ఇప్పుడు నా విన్నపాలు. తెర మీద వచ్చే లోపాల సందేశాలన్నీ తెలుగులో ఉండాలని దూరదర్శన్ వారినీ, డిష్, కేబుల్ సంస్థలనూ గట్టిగా కోరుతున్నాను. శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది. రాకెట్లు పైకి లేవడం మిద్దెల మీద నిలబడి చూసిన పల్లెల్లోనే, "డిష్ నుంచి సిగ్నల్ అందడం లేదు, తీగ చూసుకోండి" అన్న ఒక్క తెలుగు వాక్యం తెర మీద లేక వృద్ధులు డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఆ వాక్యం చేర్చడానికి కొత్త పరికరం అక్కరలేదు, బాక్సు లోపలి సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు. చదవడం రానివారికి ఆ మాట వినిపించేలా చేస్తే మరీ మంచిది. మరమ్మతుకు వచ్చేవారు విప్పిన పాత వస్తువును ఇంటివారి చేతికే ఇచ్చి, ఏ లోపం కనిపించిందో, ఏమి మార్చారో చిన్న రసీదు మీద రాసి ఇవ్వాలి. మా పెద్దమ్మ దగ్గర పాత ఎల్‌ఎన్‌బీ, పాత బాక్సు మిగిలి ఉండబట్టే అసలు సంగతి తేలింది. ఇంట్లో పెద్దవాళ్లను పల్లెలో వదిలి బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు పండక్కి వచ్చినప్పుడు ఒక్క గంట ఈ పనికి ఇవ్వాలని, బాక్సు రిమోట్ మీద మెనూ మీటకు ఎర్ర రంగు పూసి, అది నొక్కితే ఏమి కనిపించాలో పెద్దవాళ్లకు చూపించి వెళ్లాలని కోరుతున్నాను. నేను మా పెద్దమ్మకు గోళ్లరంగుతోనే గుర్తు పెట్టి వచ్చాను. మొన్న ఫోన్ చేసి, "బొమ్మ పోయింది గానీ ఎర్రది నొక్కితే మెనూ వస్తా ఉంది, వాన పడతా ఉంది, అందుకే ఊరకుండాను" అని చెప్పింది.

ఈ ఉత్తరాన్ని మార్చి మొదటి వారంలోగా ప్రచురించవలసిందిగా ప్రార్థన. అందుకు కారణం ఉంది. మార్చి నడుమ రోజుల్లో, మళ్లీ సెప్టెంబరు చివర, మన ఊళ్ల నుంచి చూస్తే సూర్యుడు ఉదయం 11 గంటల ప్రాంతంలో సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక నుంచి వెళతాడు. ఆ కొద్ది నిమిషాలు సూర్యుడి నుంచి వచ్చే తరంగాల హోరులో ఉపగ్రహం సిగ్నల్ మునిగిపోయి బొమ్మ ఆగుతుంది. వరసగా కొన్ని రోజులు దాదాపు అదే వేళకు ఆగి, దానంతటదే తిరిగి వస్తే ఎవరినీ పిలవనక్కరలేదు. అంతేకాక, ఆ వేళ సూర్యుడున్న చోటే ఉపగ్రహమూ ఉంటుంది కాబట్టి, మార్చిలో ఆ రోజుల్లో 11 గంటలకూ 11.30కూ నడుమ మిద్దె ఎక్కి డిష్ మీద ఎండ పూర్తిగా పడుతోందా చూసుకోవచ్చు. ఎండ పడితే దారి బాగుంది. నీడ పడితే, ఆ నీడ ఏ కొమ్మదో ఏ గోడదో, అదే మన చానళ్లకు అడ్డం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తిరుపతి.